సికింద్రాబాద్ కంటోన్మెంట్: బోర్డు పాలన, బీ-3 ఇళ్లు, జీహెచ్‌ఎంసీలో విలీనం

కార్ఖానా గల్లీ:
సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను, అంటే రక్షణ శాఖ కింద బోర్డు పాలించే ప్రాంతాన్ని, జీహెచ్‌ఎంసీలో (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) కలపడం గురించి రోజుకో మాట వినిపిస్తోంది. ఎక్కువ మంది అడిగే మూడు ప్రశ్నలకు తెలిసినవాళ్లు వివరంగా జవాబిస్తే అందరికీ పనికొస్తుంది. ఒకటి, చుట్టూ ఉన్న అల్వాల్, మల్కాజిగిరి 2007లోనే జీహెచ్‌ఎంసీలో కలిస్తే మధ్యలో ఉన్న ఈ ముక్క ఎందుకు మిగిలింది? రెండు, బోర్డులో అసలు నిర్ణయం ఎవరిది? మూడు, విలీనమైతే బీ-3 ఇళ్లకు, అంటే కేంద్రానికి హక్కు మిగిలి ఉన్న భూమి మీది ప్రైవేటు ఇళ్లకు, పట్టా వస్తుందా?

పాత మ్యాపు:
మొదటి ప్రశ్నకు కాస్త వెనక్కి వెళ్లాలి. 1798లో నిజాం అలీ ఖాన్‌కూ ఈస్ట్ ఇండియా కంపెనీకీ సైన్య సహకార ఒప్పందం కుదిరింది. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన మకాం వేశాయి. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద ఆ మకాం సికింద్రాబాద్ అయింది. బొల్లారం వేరే కథ. అది హైదరాబాద్ కంటింజెంట్ దండు, అంటే నిజాం ఖర్చుతో కంపెనీ అధికారులు నడిపిన సైన్యం. 1853లో ఆ కంటింజెంట్ ఖర్చుల కిందే బేరార్‌ను కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. ఇప్పటి రాష్ట్రపతి నిలయం అప్పటి బొల్లారం రెసిడెన్సీయే. తిరుమలగిరిలో 1857 తిరుగుబాటు తర్వాత కోట లాంటి రక్షణ స్థావరం కట్టారు.

దండు చుట్టూ బజార్లు పెరిగాయి. 1874లో వాడి నుంచి రైలు వచ్చాక వ్యాపారం ఇంకా పెరిగింది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కంటోన్మెంట్ నుంచి సివిల్ ప్రాంతాన్ని విడదీయడం కొత్త ఆలోచన కాదు, 1945లోనే జరిగింది. సికింద్రాబాద్ బజారు ప్రాంతాలను బ్రిటిషువాళ్లు అప్పుడు నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించారు. అక్కడ సికింద్రాబాద్ మున్సిపాలిటీ ఏర్పడింది. అది 1950లో కార్పొరేషన్ అయింది, 1960 ఆగస్టులో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. రైల్వే స్టేషన్, జనరల్ బజార్, మోండా మార్కెట్ ఇవాళ జీహెచ్‌ఎంసీలో ఉండటానికి కారణం అదే. అప్పటి గీతకు అవతల మిలిటరీ చేతిలో ఉండిపోయిన పికెట్, కార్ఖానా, రసూల్‌పురా, బోయిన్‌పల్లి, తిరుమలగిరి, లాల్‌బజార్, బొల్లారం వైపు భాగమే ఇప్పటి కంటోన్మెంట్. సుమారు 10 వేల ఎకరాలు, 2011 లెక్కల్లో 2 లక్షలకు పైగా జనాభా.

నియమావళి:
పాత మ్యాపు గారు చెప్పిన చరిత్రకు చట్టం వైపు కొనసాగింపు.

2007 ఏప్రిల్ 16న 12 శివారు మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను ఎంసీహెచ్‌తో (పాత హైదరాబాద్ కార్పొరేషన్) కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. అది రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుతో అయిపోయే పని. ఎందుకంటే మున్సిపాలిటీలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 5వ అంశం. కంటోన్మెంట్లు కేంద్ర జాబితా 3వ అంశం. కంటోన్మెంట్ హద్దులు, అక్కడి స్థానిక పాలన, చివరికి ఇళ్ల అద్దెల నియంత్రణ కూడా అందులోకే వస్తాయి. అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానించినా కంటోన్మెంట్ హద్దు అంగుళం కదలదు. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను ఆర్డినెన్స్‌తో జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు కూడా నగరం నడిబొడ్డున ఉన్న ఈ భాగాన్ని రాష్ట్రం ముట్టుకోలేకపోయింది అందుకే.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇక్కడ నడిచేది కంటోన్మెంట్ల చట్టం 2006. అంతకు ముందు 1924 చట్టం. జనాభా 50 వేలు దాటితే ఒకటో కేటగిరీ. దాని ప్రకారం బోర్డు ఇలా ఉండాలి: అధ్యక్షుడిగా స్టేషన్ కమాండర్, జిల్లా మేజిస్ట్రేట్ లేదా ఆయన పంపే అదనపు మేజిస్ట్రేట్, సీఈఓ (ముఖ్య కార్యనిర్వహణాధికారి), హెల్త్ ఆఫీసర్, ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్, నామినేట్ అయిన ముగ్గురు సైనికాధికారులు, వీళ్లతోపాటు ప్రజలు ఎన్నుకున్న 8 మంది సభ్యులు. లెక్క చూడండి, 8కి 8. ఎన్నికైన సభ్యుల్లోంచి ఒకరు ఉపాధ్యక్షుడు. ఎంపీ, ఎమ్మెల్యే ప్రత్యేక ఆహ్వానితులు మాత్రమే, ఓటు ఉండదు.

సీఈఓ రాష్ట్ర మున్సిపల్ కమిషనర్ల కోవ కాదు. ఇండియన్ డిఫెన్స్ ఎస్టేట్స్ సర్వీస్ అధికారి. ఆయన పైన పుణెలో సదరన్ కమాండ్ ప్రిన్సిపల్ డైరెక్టర్, ఆ పైన ఢిల్లీలో డైరెక్టర్ జనరల్. అందుకే హైదరాబాద్‌లో మున్సిపల్ శాఖ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా కంటోన్మెంట్ ఫైలు కదలదు.

పికెట్ చౌరస్తా:
8కి 8 అన్నది కాగితం మీద. 2021 నుంచి ఆ 8 మంది లేరు కదా.

నియమావళి:
నిజం, అది చెప్పకుండా పాలన గురించి మాట్లాడటం సగం మాటే. చివరి ఎన్నిక 2015 జనవరిలో జరిగింది. అయిదేళ్ల కాలం పొడిగింపులతో కలిపి 2021 ఫిబ్రవరిలో ముగిసింది. ఆ తర్వాత 13వ సెక్షన్ కింద వేరీడ్ బోర్డు వచ్చింది. అంటే అధ్యక్షుడు, సీఈఓ, కేంద్రం నామినేట్ చేసిన ఒక పౌర సభ్యుడు, మొత్తం ముగ్గురు. గడువు తీరినప్పుడల్లా దాన్నే పొడిగిస్తూ వచ్చారు. 2023 ఫిబ్రవరిలో దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30న ఎన్నికలని గెజిట్ ఇచ్చి, మార్చిలో రద్దు చేశారు.

13వ సెక్షన్ యుద్ధం, సైనిక అవసరం, పాలన సౌలభ్యం లాంటి సందర్భాల కోసం పెట్టిన తాత్కాలిక ఏర్పాటు. విలీనం ఎలాగూ ఉంది కాబట్టి ఎన్నికలు ఎందుకు అనే వాదనతో దాన్ని ఏళ్ల తరబడి నడపడం సరికాదని నా గట్టి అభిప్రాయం. రెండు లక్షల మందికి వార్డు సభ్యుడే లేడు. నాలా పొంగితే, లైటు పోతే సంతకం పెట్టించడానికి వెళ్లే గుమ్మం లేదు.

కార్ఖానా గల్లీ:
వేరీడ్ బోర్డు ఉన్నప్పుడు మామూలు జనం ఏం చేయొచ్చు?

నియమావళి:
మూడు పనులు. బోర్డు నెలకోసారైనా సమావేశం కావాలి. మినిట్స్ పుస్తకాన్ని కంటోన్మెంట్ నివాసులు చూడొచ్చు, ఆ హక్కు చట్టంలోనే ఉంది. రెండు, ఫిర్యాదులు ఈ-ఛావనీ పోర్టల్‌లో పెట్టి నంబరు తీసుకోండి. ఇంటి పన్ను, జనన మరణ ధ్రువపత్రాలు, ట్రేడ్ లైసెన్సు, లీజు రెన్యువల్ అన్నీ అందులోనే. మూడు, సమాచార హక్కు దరఖాస్తు. ఇక్కడే చాలామంది పొరపడతారు. బోర్డు కేంద్ర సంస్థ. కేంద్రం ఆర్‌టీఐ ఆన్‌లైన్ సైటులో 10 రూపాయలు కట్టి వేయాలి. రెండో అప్పీలు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్తుంది. రాష్ట్ర కమిషన్‌కు పంపితే నెలలు పోయాక తమ పరిధి కాదని తిరిగొస్తుంది.

పోలీసు, కరెంటు, రేషను, పింఛన్లు, కల్యాణలక్ష్మి మాత్రం రాష్ట్రానివే. వాటికి బోర్డుతో పని లేదు, తహసీల్దారు దగ్గరికే వెళ్లాలి.

లింకు డాక్యుమెంటు:
మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

కంటోన్మెంట్ భూములకు ఆధారం జనరల్ ల్యాండ్ రిజిస్టర్, అందరూ జీఎల్‌ఆర్ అంటారు. 1937 నాటి కంటోన్మెంట్ ల్యాండ్ అడ్మినిస్ట్రేషన్ రూల్స్ ప్రకారం తరగతులు ఇవి. ఏ-1 అంటే సైన్యం వాడుకలో ఉన్నది. ఏ-2 సైన్యం కోసం అట్టిపెట్టిన ఖాళీ జాగా. బీ-1 కేంద్రంలోని ఇతర శాఖలది, రైల్వే లాంటివి. బీ-2 రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నది. బీ-3 ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్నా కేంద్రానికి హక్కు మిగిలి ఉన్నది. బీ-4 వీటిలో దేనికిందా రాని ఖాళీ భూమి. సీ అంటే బోర్డుకు అప్పగించినది, రోడ్లు, పార్కులు, మార్కెట్లు వగైరా.

గొడవంతా బీ-3లోనే. అందులో రెండు రకాలు. ఒకటి లీజు: షెడ్యూలు 8 లీజు అయితే 30 ఏళ్ల చొప్పున గరిష్ఠంగా 90 ఏళ్లు. రెండోది ఓల్డ్ గ్రాంట్: కంపెనీ కాలపు ఉత్తర్వుల కింద ఇచ్చిన జాగా. ఇందులో నేల ప్రభుత్వానిది, దాని మీది కట్టడం మాత్రం ఉన్నవాళ్లది. నెల రోజుల నోటీసు ఇచ్చి, అనుమతితో కట్టిన కట్టడానికి విలువ చెల్లించి ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు.

జీఎల్‌ఆర్ పేజీ తెరిస్తే ఇలా కనిపిస్తుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, తరగతి, బంగళానో ఖాళీ జాగానో వివరణ, ఆ పక్కన యజమాని గడిలో 'భారత ప్రభుత్వం', దాని తర్వాతి గడిలో ఉన్నవాళ్ల పేరు. ఆ రెండో గడి పేరు అనుభవ హక్కుదారు అని అర్థం, ఆఫీసులో హెచ్‌ఓఆర్ అంటారు. తాతల పేరు ఆ గడిలో చూసి ఇల్లు పూర్తిగా మాదే అనుకోవడం దగ్గరే సగం కేసులు పుడతాయి.

కంటోన్మెంట్ మొత్తం బీ-3 కాదు, ఇది గుర్తుంచుకోండి. తోకట్ట, కాకాగూడ, బోయిన్‌పల్లి వంటి గ్రామాల రెవెన్యూ సర్వే నంబర్లలో ప్రైవేటు పట్టా భూములున్నాయి. వాటి మీద లేచిన కాలనీల పరిస్థితి వేరు. అక్కడ బోర్డు స్థానిక సంస్థ మాత్రమే, భూస్వామి కాదు.

ఇక జవాబు. విలీనమైతే బీ-3కి పట్టా రాదు. పన్ను వసూలు చేసేవాళ్లు, ప్లాన్ ఇచ్చేవాళ్లు మారతారు. యజమాని గడి మారదు. 2024 జూన్‌లో రక్షణ శాఖ చెప్పిన విధివిధానాల్లో పౌర సదుపాయాల ఆస్తులు, బోర్డు అప్పులు, బాధ్యతలు రాష్ట్ర మున్సిపాలిటీకి వెళ్తాయని, భూమి మీద హక్కు ఉన్నచోట కేంద్రం దగ్గరే ఉంటుందని స్పష్టంగా ఉంది.

మెయిన్ రోడ్డు ప్లాటు:
అయితే బ్రోకర్లు 'విలీనం కాగానే ఫ్రీహోల్డ్', అంటే నేల మీద కూడా పూర్తి యాజమాన్యం, అని రేటు పెంచి అమ్ముతున్నది తప్పుడు మాటేనా?

లింకు డాక్యుమెంటు:
పూర్తిగా తప్పుడు మాట. ఫ్రీహోల్డ్ కావాలంటే కేంద్రం విడిగా విధానం తేవాలి, దాని ధర వేరే కట్టాలి. విలీనంలో అది భాగం కాదు.

కంటోన్మెంట్‌లో ఏ ఇల్లు కొనాలన్నా ఈ వరస తప్పొద్దు. మొదట జీఎల్‌ఆర్ సర్టిఫైడ్ నకలు తెప్పించండి. ఎక్కడ అడగాలన్నదే చిక్కు. నోటిఫై అయిన సివిల్ ఏరియా లోపలి రిజిస్టరు సీఈఓ దగ్గర, దాని బయటది డీఈఓ, అంటే డిఫెన్స్ ఎస్టేట్స్ అధికారి దగ్గర ఉంటాయి. తప్పు ఆఫీసులో అడిగితే 'మా రికార్డుల్లో లేదు' అని జవాబొస్తుంది, దాన్ని 'ప్రభుత్వ భూమి కాదు' అని రాసిచ్చినట్టు చూపించి అమ్మేవాళ్లున్నారు. రెండు ఆఫీసులకూ దరఖాస్తు పెట్టండి. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైటులో 22-ఏ నిషేధిత జాబితా చూడండి. పట్టా భూమి అంటే రెవెన్యూ సర్వే నంబరుకు పాత పహాణీలు (రెవెన్యూ రికార్డులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు అన్నీ కావాలి. సర్వే నంబరు లేకుండా ఇంటి నంబరు మీదే తయారైన సేల్ డీడ్ కనిపిస్తే అక్కడే ఆగండి. ఇంటి పన్ను రశీదు, నల్లా బిల్లు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు.

నోటరీ కాగితం, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొన్న బీ-3 ఇంటికి మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, కాదు. మ్యుటేషన్ లేకపోతే ప్లాన్ రాదు, బ్యాంకు అప్పు రాదు.

సెట్‌బ్యాక్:
ప్లాన్ సంగతి నేను రాస్తాను.

జీహెచ్‌ఎంసీలో 75 గజాల లోపు అనుమతి అక్కర్లేదు, 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు వరకు స్వయం ధ్రువీకరణతో వెంటనే వస్తుంది. అది రాష్ట్రం 2020లో తెచ్చిన భవన అనుమతుల చట్టం, టీజీ-బీపాస్. కంటోన్మెంట్‌లో ఆ సడలింపులు రెండూ వర్తించవు. ఇక్కడ బోర్డు సొంత బిల్డింగ్ బైలాస్. రాష్ట్రం భవన నిర్మాణ నిబంధనల జీఓ 168లో చూపే అంతస్తులు, సెట్‌బ్యాక్‌లు చూసి ఆర్కిటెక్టు గీసిన నక్ష ఇక్కడ తిరిగొస్తుంది.

దరఖాస్తుతో హక్కు పత్రాలు, జీఎల్‌ఆర్ నకలు, సైటు ప్లాను, నక్షలు ఇవ్వాలి. భూమి విషయంలో బోర్డు డీఈఓ అభిప్రాయం అడుగుతుంది. ఆలస్యమంతా అక్కడే. బేగంపేట, హకీంపేట ఎయిర్‌ఫీల్డుల వల్ల ఎత్తుకు ఎన్‌ఓసీ కావాలి. సైనిక స్థావరం గోడ పక్కనైతే స్థానిక మిలిటరీ అధికారుల అభ్యంతరం కూడా చూసుకోవాలి. మంజూరైన ప్లానుకు రెండేళ్ల గడువు, ఆలోగా మొదలుపెట్టకపోతే మళ్లీ మొదటికే. అనుమతి లేకుండా లేపిన అంతస్తుకు కంటోన్మెంట్ల చట్టం 248వ సెక్షన్ కింద పని ఆపమని, కూల్చమని నోటీసు వస్తుంది. బీఆర్‌ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) లాంటి రాష్ట్ర క్రమబద్ధీకరణ పథకాలు ఇక్కడికి రావు. 'తర్వాత జరిమానా కట్టేద్దాం' అనుకుని పెంట్‌హౌస్ వేసినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

పికెట్ చౌరస్తా:
పన్ను మాట కూడా ఎవరైనా చెప్పండి. కంటోన్మెంట్ హద్దుకు అటూ ఇటూ ఉన్న ఒకే సైజు ఇళ్లకు పన్ను ఎందుకు తేడాగా వస్తోంది?

జమాఖర్చు:
లెక్క కట్టే పద్ధతే వేరు. జీహెచ్‌ఎంసీ ప్లింత్ ఏరియాను (కట్టడం విస్తీర్ణం) చదరపు అడుగుకు నెలవారీ అద్దె రేటుతో గుణిస్తుంది. బోర్డుది వార్షిక రేటబుల్ విలువ. మామూలు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో అది. హోటళ్లు, కాలేజీలు, ఫ్యాక్టరీల వంటివాటికి భూమి విలువ, కట్టడం ఖర్చు కలిపి దానిలో 20వ వంతు. మూడేళ్లకోసారి అసెస్‌మెంట్ జాబితా తిరగరాస్తారు. నోటీసు వచ్చినప్పుడు గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వకపోతే ఆ తర్వాత వాదించడానికి చోటుండదు. అభ్యంతరం విన్నాక కూడా నచ్చకపోతే జిల్లా కోర్టుకు అప్పీలు.

బోర్డు ఎప్పుడూ డబ్బుకు కటకటలాడటానికి మూలం ఇది: కంటోన్మెంట్‌లో పెద్ద ఆస్తులన్నీ సైన్యానివి. రాజ్యాంగం 285వ అధికరణ కింద కేంద్రం ఆస్తి మీద స్థానిక పన్ను వేయకూడదు. దాని బదులు సర్వీస్ ఛార్జీలు ఇస్తారు, అవి బకాయి పడుతూ ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వసూలయ్యే బదిలీ సుంకంలో బోర్డు వాటా రాష్ట్రం నుంచి రావాలి. నీళ్లు జలమండలి నుంచి బల్క్‌గా కొని పంచుతుంది, ఆ బిల్లు కట్టాలి. 2006 చట్టం 10వ సెక్షన్ బోర్డును గ్రాంట్లు, కేంద్ర పథకాల కోసం మున్సిపాలిటీగా భావించాలంటుంది. 15వ ఆర్థిక సంఘం కూడా రాష్ట్రాలు పంచే నిధుల్లో కంటోన్మెంట్లకు వాటా ఉండాలని చెప్పింది. రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న సంస్థ కావడం వల్ల రెండు వైపులా అడగాల్సి వస్తుంది.

సఫిల్‌గూడ గేటు:
ఇది కంటోన్మెంట్ ఓటర్ల సమస్య మాత్రమే కాదు. నేరేడ్‌మెట్, సఫిల్‌గూడ, మల్కాజిగిరి జనానికి ఏఓసీ సెంటర్ (సైన్యం ఆర్డినెన్స్ కోర్ కేంద్రం) రోడ్లే సికింద్రాబాద్‌కు దగ్గరి దారి. రాత్రి గేట్లు వేస్తే చుట్టు తిరగాలి. సైన్యం దీన్ని ఇష్టం వచ్చినట్టు మూయొచ్చా?

నియమావళి:
మూయకూడదు. 258వ సెక్షన్ ప్రకారం భద్రత కారణంతో వీధిని శాశ్వతంగా మూయాలంటే పై అధికారి ముందస్తు అనుమతి కావాలి, పబ్లిక్ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్ రోడ్లు తెరవాలని చెప్పింది కూడా ఈ సెక్షన్ ఆధారంగానే. అయితే ఏ-1 భూమి లోపలి రోడ్డు, బోర్డు నిర్వహించే సీ తరగతి రోడ్డు ఒకటి కావు. ఫిర్యాదు చేసేముందు ఆ రోడ్డు జీఎల్‌ఆర్‌లో ఏ తరగతో రాసుకోండి. అది లేకుండా ఇచ్చిన వినతిపత్రాలు 'మిలిటరీ రోడ్డు' అన్న ఒక్క మాటతో తిరిగొస్తాయి.

పెద్ద రోడ్లకు మాత్రం 2024 మార్చిలో దారి దొరికింది. ప్యారడైజ్ నుంచి డెయిరీఫామ్ వైపు, రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూమి ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది.

కార్ఖానా గల్లీ:
ఓటరు జాబితా సంగతి? అసెంబ్లీకి ఓటున్నవాళ్లకు బోర్డు ఎన్నికల్లో లేదంటున్నారు.

నియమావళి:
రెండు జాబితాలు వేరు. అసెంబ్లీ జాబితా ఎన్నికల సంఘానిది. బోర్డు జాబితా బోర్డే తయారుచేస్తుంది, కంటోన్మెంట్‌లో కనీసం ఆరు నెలలుగా నివాసం ఉండాలి. రక్షణ భూముల్లో ఆక్రమణలుగా రాసిన ఇళ్ల వాళ్ల పేర్లు ఇక్కడ పెద్ద సంఖ్యలో తీసేశారు. విలీనమైతే ఆ కుటుంబాలు జీహెచ్‌ఎంసీ ఓటర్లవుతాయి. విలీనం కోరేవాళ్ల బలమైన వాదన ఇదే, నాకూ ఇందులో న్యాయం కనిపిస్తుంది.

పాత మ్యాపు:
విలీనానికి నేనూ వ్యతిరేకం కాదు. కానీ జనం 'ఎప్పుడు' అని అడుగుతున్నారు, అడగాల్సింది 'ఎక్కడిదాకా' అని. హిమాచల్‌లోని ఖాస్‌యోల్ 2023 ఏప్రిల్‌లో మొదట రద్దయింది. అది చిన్న ఊరు, సివిల్ భాగం ఒకవైపు ఉంది. సికింద్రాబాద్‌లో అలా లేదు. లాల్‌బజార్ ఇళ్లను ఆనుకుని మిలిటరీ భూమి. బొల్లారానికీ పికెట్‌కూ మధ్య పటాలాలు. బంగళా ఏరియాలో ఓల్డ్ గ్రాంట్ ఇళ్ల మధ్యలో ఏ-1 భూములు. సివిల్ ప్రాంతం విడదీస్తామంటే ఒక గీత సరిపోదు, ముక్కలు ముక్కలుగా గీయాలి. బంగళాల వరసను మిలిటరీ స్టేషన్‌లోనే ఉంచేస్తే అక్కడి నివాసులకు బోర్డూ ఉండదు, జీహెచ్‌ఎంసీ వార్డూ ఉండదు. ఎక్కువ నష్టపోయేది వాళ్లే.

జమాఖర్చు:
ఉద్యోగుల పింఛన్లు, బోర్డు బడులు, బొల్లారం ఆసుపత్రి ఎవరి నెత్తిన పడతాయన్నది కూడా హద్దుల మీదే ఆధారపడుతుంది. సర్వీస్ ఛార్జీల పాత బకాయిలు విలీనానికి ముందే తేల్చి రాయించుకోవాలి. ఆస్తులూ అప్పులూ కలిపి అప్పగిస్తారు కాబట్టి, అప్పుడు అడగని బకాయిని తర్వాత జీహెచ్‌ఎంసీ రాబట్టలేదు.

మెయిన్ రోడ్డు ప్లాటు:
హద్దుల మ్యాపు వస్తే మనం చేయాల్సింది ఏమిటి?

లింకు డాక్యుమెంటు:
హద్దులు మార్చేముందు కేంద్రం గెజిట్‌లో ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. గడువు ఆ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ముసాయిదాలో వీధి పేర్లుండవు, సర్వే నంబర్లే ఉంటాయి. అందుకే కాలనీ సంఘాలు ఇప్పుడే తమ ఇళ్ల జీఎల్‌ఆర్ నంబర్లు, రెవెన్యూ సర్వే నంబర్లు ఒక పట్టికగా చేసిపెట్టుకోవాలి. ముసాయిదా వచ్చిన రోజే మన నంబరు లోపలుందో బయటుందో చూసుకోవచ్చు. అభ్యంతరం సంఘం పేరుతో ఒకటి, ఇంటి యజమానుల పేర్లతో విడివిడిగా, నంబర్లతో సహా ఇవ్వండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచండి. కాపీ సీఈఓకు, డీఈఓకు, రాష్ట్ర మున్సిపల్ శాఖకు. పట్టా భూముల కాలనీలైతే పహాణీ నకలు జత చేసి 'ఇది బీ-3 కాదు' అని మొదటి పేరాలోనే రాయండి. జీఎల్‌ఆర్‌లో తప్పుగా పడిన సర్వే నంబర్లుంటే వాటి సవరణ దరఖాస్తు ఇప్పుడే వేయాలి, హద్దు ఖరారయ్యాక వేస్తే కోర్టు మెట్లు తప్పవు.